కాముని పున్నమకు అత్తవారి ఊరు

హైదరాబాదులో వసంతం వచ్చిందని మనకు ఎల్లా తెలుస్తుంది? మా వీధి సంగతి చెబుతాను. ఫాల్గుణ మాసం సగం పడేసరికి కిరాణాకొట్టు ముందు ఒక బల్ల వేస్తారు. దానిమీద రంగుల పొట్లాలు, ప్లాస్టిక్ తుపాకులు, నీళ్ళ బుడగలు. ఆ బల్ల కనబడితే వసంతం వచ్చినట్టు. బల్ల ఎత్తేస్తే వెళ్ళిపోయినట్టు. రోడ్ల పక్కన గులాబిరంగు పూలు విరగబూసే చెట్లు కొన్ని ఉన్నాయి, కాదనను. వాటిపేరు తబేబుయా అని మా పెద్దవాడు చెప్పాడు; అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టట. కోయిల కూడా కూస్తుంది. కాని నీళ్ళ టాంకరు హారను కొట్టాక దాని గొంతు ఎవరికి వినబడుతుంది, పాపం!

ఈసారి సెలవు శనాదివారాలకు ఆనుకుని వచ్చింది. "హోలీకి ఎక్కడికైనా వెడదామా?" అన్నాను. ఎక్కడికైనా అంటే నా మనస్సులో ఉన్నది ఏ పార్కో, ఏ హోటలో. మా ఆవిడ నా వంక అదోలా చూసి, "హోలీ ఏమిటి? కాముని పున్నమ. మా ఊరు పోదాం" అన్నది.

మా ఆవిడది దేవరకొండ. నాది గుంటూరు జిల్లా. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా ఈ పండుగకు మాత్రం నేను అత్తవారింటికి వెళ్ళలేదు. సంక్రాంతికి మా ఊరు, దసరాకు వాళ్ళ ఊరు అని పెళ్ళయిన కొత్తలో ఒక ఒడంబడిక కుదిరింది. కాముని పున్నమ ఆ ఒడంబడికలో లేదు. అంచేత నాకు అభ్యంతరం చెప్పే వీలూ లేకపోయింది.

దేవరకొండ బస్సు ఎక్కాం. నూటపది కిలోమీటర్ల చిల్లర దూరం. సాగరు రోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ దాటి, కొండమల్లేపల్లి దగ్గర కుడిచేతివైపు తిరగాలి. ఆడవాళ్ళకు 2023 డిసెంబరులో మొదలైన ఉచిత ప్రయాణం ఉంది కదా, మా ఆవిడకూ అమ్మాయికీ కండక్టరు సున్నా రూపాయల టిక్కెట్లు కొట్టి ఇచ్చాడు. నాకూ పెద్దవాడికీ డబ్బు తీసుకున్నాడు. ఆ రెండు సున్నా టిక్కెట్లనూ మా తొమ్మిదేళ్ళ అమ్మాయి దారిపొడుగునా అన్నగారి ముక్కుముందు ఆడిస్తూనే ఉంది.

మాల్ దాటేవరకు చూడవలసింది పెద్దగా లేదు. ప్లాట్లు, ప్లాట్ల చుట్టూ గోడలు, గోడల మీద ప్రకటనలు. ఆ తర్వాత నేల ఎరుపెక్కుతుంది. గుండ్లు మొదలవుతాయి. ఎవరో పిల్లలు ఆడుకుని సర్దకుండా వదిలేసినట్టు ఒక బండమీద ఒక బండ. వాటి మధ్య ఆకులేని చెట్లు. ఒక్కసారిగా మా ఆవిడ నా భుజం పట్టి కుదిపింది. "అదిగో, మోదుగ!"

అంతకుముందు మోదుగచెట్టు చూడలేదని కాదు. చూశాను, ఎండాకాలం ఆకులతో చూశాను, విస్తరిలో చూశాను. పూతమీద ఉండగా, అదీ అంత ఒక్కుమ్మడిగా, చూడలేదు. చెట్టుకు ఒక్క ఆకు ఉండదు. కొమ్మ వంకర, బెరడు బూడిదరంగు. ఊరికే నిలబడితే ఎవరూ రెండోసారి చూడని చెట్టు. దానికి చివరికంటా నిప్పురంగు పూలు. దగ్గరికి వెడితే ప్రతిపువ్వుకూ అడుగున నల్లని మఖమలు గిన్నె, అందులోంచి వంగివచ్చిన చిలుకముక్కు. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నారు. అంటే "ఇది చిలకేనా?" అని అడగడమే దానికి పేరు పెట్టడం. పేర్లు పెట్టడంలో మన పెద్దలకు సరసం ఉండేది సుమండీ! ఇంత పువ్వుకూ వాసన లేదు. అందుచేత దేవుడికీ సిగలోకీ పెద్దగా అక్కరకు రాదు, రంగుకు వస్తుంది. దాశరథి రంగాచార్యగారు తెలంగాణ పోరాటం మీద రాసిన నవలకు మోదుగుపూలు అని పేరు పెట్టడంలో ఔచిత్యం నాకు ఆ బస్సులో కూర్చున్నాకే పూర్తిగా తెలిసింది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. మా అత్తగారు గడపలోనే నిలబడి ఉన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఇప్పటికీ కళ్ళద్దాలు లేకుండా బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతారు. "గంత ఎండల వచ్చిన్రు, ముందుగాల చల్ల తాగుండ్రి" అని చెంబు అందించి, పిల్లలిద్దరి మెడలో రెండు పేర్లు వేశారు. పేర్లంటే మనుషుల పేర్లు కావు, దండలు. చక్కెర పాకం అచ్చుల్లో పోసి దారానికి గుచ్చిన దండ ఒకటి, కుడుకల దండ ఒకటి. కుడుక అంటే మా వైపు ఎండుకొబ్బరి చిప్ప. మెడలో వేసుకు తిరుగుతూ ఒక్కొక్కటే కొరుక్కు తినడం ఈ పండుగ పద్ధతి. మా పెద్దవాడికి పన్నెండేళ్ళు, ఆరో తరగతి దాటినవాడు, దండ వేసుకోవడానికి మొదట సిగ్గుపడ్డాడు. సాయంత్రానికి వాడి దండలో దారం మాత్రం మిగిలింది.

మా బావమరిది బడిపంతులు. వాడు వస్తూనే పెరట్లోకి వెళ్ళి, విరిగిన బెంచీ ఒకటి, పాత తలుపు ఒకటి మోసుకొచ్చి లోపలి గదిలో పెట్టి తాళం వేశాడు. "ఎందుకయ్యా?" అంటే, "రాత్రికి పోరగాళ్ళొస్తరు బావా. కాముని మంటకు కట్టె కావాలె. అడిగితే ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే ఎత్తుకపోతరు. పోయిన ఏడు మా హెడ్మాస్టరు కుర్చీ పోయింది" అన్నాడు. ఆ కుర్చీ పోవడంలో తమరి చెయ్యి ఉందా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

చీకటిపడ్డాక నిజంగానే వచ్చారు. పదిమంది మగపిల్లలు, చేతుల్లో కోలలు. వాకిట్లో గుండ్రంగా నిలబడి కోలలు కొట్టుకుంటూ జాజిరి పాటలు పాడారు. పున్నమకు ముందు కొన్నిరోజుల పాటు ఇల్లా ఇల్లిల్లూ తిరుగుతారు. చేటలో గింజలో, నాలుగు రూపాయలో పోసేదాకా కదలరు. ఒక పాట అయిపోగానే ఇంకోటి అందుకోవడం, ఇంటివాళ్ళ పేరు పాటలో ఇరికించి పొగడడం, ఇవ్వకపోతే అదే పేరును మరోలా ఇరికించడం. మా అత్తగారు కావాలనే ఆలస్యం చేశారు. పాట వినడానికట. మా ఆవిడ చిన్నతనంలో ఈ గుంపులో ఆడపిల్లల్ని రానిచ్చేవారు కాదట; తను అన్నదమ్ముల లాగూ చొక్కా తొడుక్కుని నాలుగిళ్ళు తిరిగివచ్చిందట. ఈ సంగతి ఆవిడ పద్నాలుగేళ్ళలో నాకు చెప్పలేదు. మా అమ్మాయి విని కళ్ళు పెద్దవి చేసుకుని తల్లికేసి అదేపనిగా చూసింది.

మర్నాడు ఉదయం రంగు కాచే పని. రెండు తట్టల మోదుగపూలు తెచ్చి ఇచ్చింది పాలుపోసే ఆవిడ. ఈవిడ సంగతి తర్వాత చెబుతాను. అసలు నేను ఇవాళ కలం పట్టింది ఈవిడ కోసమే. పూలు రాత్రి నానబెట్టి పొద్దున కాచేవారు కొందరు, పొద్దున కాచి రాత్రంతా నాననిచ్చేవారు కొందరు. మా అత్తగారిది రెండో సంప్రదాయం. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద పెద్ద కాగు. పూలు ఉడికేకొద్దీ నీళ్ళు ముందు పసుపు, తర్వాత నారింజ. దింపేముందు చిటికెడు తాంబూలపు సున్నం వేశారు. రంగు ఒక్కసారి ముదిరి ఎర్రబారింది. పిల్లలిద్దరూ నోళ్ళు తెరిచారు. పెద్దవాడు తన బడి పరిజ్ఞానం బయటికి తీసి, సున్నం క్షారం కనుక రంగు మారిందని వివరించాడు. "అవునా బిడ్డా? నాకు మా అత్త చెప్పింది" అన్నారు మా అత్తగారు.

వాడు హైదరాబాదు నుంచి రంగుల పొట్లాలు కూడా తెచ్చుకున్నాడు. పొట్లం మీద రంగు పేరుంది గాని, అది దేనితో చేశారో లేదు. మోదుగ రంగులో ఒక ఇబ్బంది ఉంది, దాచకుండా చెబుతాను. బట్టమీద పడితే పోదు. ఒంటిమీద పడితే రెండు స్నానాలకు పోతుంది. పొట్లపు రంగు దీనికి సరిగ్గా తల్లకిందులు. ఏది మేలో ఇల్లాళ్ళే తేల్చుకోవచ్చు.

రంగు నానుతూ ఉండగా సాయంత్రం కోటకు బయలుదేరాం. దేవరకొండలో ఉండి కోట ఎక్కకపోవడం, తిరుపతిలో ఉండి కొండ ఎక్కకపోవడం లాంటిది. ఊరిని ఆనుకునే కొండలు. ఏడు కొండల్ని కలుపుతూ గోడ. 360 బురుజులని, తొమ్మిది పెద్ద ద్వారాలని ఊళ్ళోవాళ్ళు లెక్క చెబుతారు. బురుజులు నేను లెక్కపెట్టలేదు. ముప్పైవరకు పెట్టాక మా అమ్మాయి దాహమన్నది.

ఈ కోట రేచర్ల పద్మనాయకులది. కాకతీయ సామ్రాజ్యం 1323 లో కూలిపోయాక తెలుగుదేశం ముక్కలై, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్కరు ప్రభువులయ్యారు. ఈ ఎగువనేల వెలమనాయకుల పాలయింది. సింగమనాయకుడి కొడుకుల్లో అనపోతానాయుడు రాచకొండలోను, మాదానాయుడు దేవరకొండలోను నిలదొక్కుకున్నారు. కృష్ణకు ఆవలివైపు కొండవీటిలో రెడ్లు. ఈ రెండు వంశాలకూ తరతరాల పగ.

మెట్ల దగ్గరే మా బావమరిది అందుకున్నాడు. "బావా, మీరు కొండవీటి దిక్కువాళ్ళు. ఏ ధైర్యంతోటి మా కోటలకు వస్తున్నరు?"

"కూతుర్నిచ్చి సంధి చేసుకున్నారుగా" అన్నాను. మా ఆవిడ వినకపోవడం అదృష్టం.

కాని ఆ మాట మీద ఒక సంగతి గుర్తుకు వచ్చింది. మా కొండవీటి కుమారగిరిరెడ్డికి కర్పూరవసంతరాయలని బిరుదు. ఏటేటా వసంతోత్సవం చేసి, కర్పూరం, కస్తూరి, పన్నీరు ధారపోసేవాడట. ఆ సుగంధద్రవ్యాలు దీవుల నుంచి ఓడల్లో తెప్పించినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. ఆయన వసంతం ఓడల మీద దిగింది. అదే రోజుల్లో ఈ కొండల కింద ఉన్న సామాన్యులు ఏం చల్లుకుని ఉంటారు? చుట్టూ మోదుగచెట్లుండగా ఓడకోసం ఎదురుచూసి ఉండరని నా ఊహ. రాజులు పోయారు, కర్పూరమూ పోయింది. మా అత్తగారి కాగు మాత్రం పొయ్యిమీద ఉంది.

కోట చరిత్రలో పెద్ద ఘట్టం 1459 ప్రాంతంలో జరిగింది. బహమనీ సుల్తాను హుమాయూన్ షా సైన్యం వచ్చి కోటను చుట్టుముట్టింది. కోటలోని వెలమదొర ఒరిస్సా గజపతి కపిలేశ్వరుణ్ణి సాయం అడిగాడు. గజపతి కొడుకు హంవీరుడు సేనతో వచ్చి బయటినుంచి, కోటవాళ్ళు లోపలినుంచి, సుల్తాను సైన్యాన్ని నడుమ పెట్టి నలిపేశారు. మా బావమరిది ఒక బురుజు మీద నిలబడి, చేతిలో గొడుగు కత్తిలా తిప్పుతూ ఈ యుద్ధమంతా పిల్లలకు ఆడి చూపించాడు. వాడి బడిపిల్లలు అదృష్టవంతులు. యుద్ధంకన్న నాకు నచ్చే సంగతి ఇంకోటుంది: హరిశ్చంద్రుడి కథను ద్విపదలో చెప్పిన గౌరన ఈ కొలువును ఆశ్రయించుకున్న కుటుంబం వాడే. కాటికాపరిగా మారిన రాజుకథ ఈ బండల మధ్య చదివితే వేరుగా ఉంటుంది.

కోట ఇప్పుడున్న తీరు గురించి రెండు మాటలు అనకతప్పదు. గోడలు గట్టివి, సున్నం లేకుండా బండమీద బండ పేర్చిన చోట్లు కూడా ఇప్పటికీ కదలలేదు. కదిపేవి చెట్లవేళ్ళు, నిధులుంటాయని తవ్వేవాళ్ళ గడ్డపారలు. దిగుడుబావి ఒకటి చూశాం. మెట్లు చక్కగా ఉన్నాయి. నీళ్ళమీద సీసాలు తేలుతున్నాయి. పైకి తెచ్చిన సీసా కిందికి తీసుకుపోవడం అంత బరువా?

మా అత్తగారు సగంవరకు ఎక్కి ఒక ద్వారం నీడలో కూర్చున్నారు. నాకూ ఊపిరి ఆడక నేనూ కూర్చున్నాను. మిగతావాళ్ళు పైకి పోయారు. అక్కడినుంచి ఊరు మొత్తం కనబడుతుంది. ఒక పక్క బత్తాయితోటలు, ఒక పక్క ఎండిన చెలకలు, దూరంగా తండాలు. ఈ కొండలు నీళ్ళు నిలవనివ్వవు. వానాకాలం పంట చేతికి వచ్చాక పని ఉండదు. మనుషులు హైదరాబాదుకు ఇళ్ళు కట్టే పనులకు, ఆటోలు నడపడానికి పోతారు. తండావాళ్ళు ఎక్కడున్నా ఈ పున్నమకు మాత్రం ఇంటికి చేరతారట.

అత్తగారు ఒక తండాకేసి చెయ్యి చూపి, "రేపు పొద్దుగాల అక్కడికి పోవాలె. పాలామె పిలిచింది. మనుమరాలికి డూండ్ చేస్తున్నది" అన్నారు.

డూండ్ అంటే ఏమిటో అడిగాను. లంబాడీలకు హోలీ అన్నిటికన్న పెద్ద పండుగ. గడిచిన హోలీ తర్వాత ఏ ఇంట మగపిల్లవాడు పుడితే ఆ ఇంట ఈ హోలీకి డూండ్ జరుపుతారు. తండా అంతా కూడి బిడ్డను దీవించి, పాడి, ఆడి, భోజనం చేస్తారు. మగపిల్లవాడు పుడితేనే. ఆడపిల్లకు లేదు.

"మరి మనుమరాలికంటున్నారు?"

"అందుకే గదా, తండాల లొల్లి" అని ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని, ఒక సంగతి చెప్పారు.

దేవరకొండ పేరు ఒకప్పుడు దేశంలోని పత్రికలన్నిటిలోనూ పడింది. 1999 లోను, మళ్ళీ 2001 లోను. కోట గురించి కాదు. ఈ చుట్టుపక్కల తండాల్లో పుట్టిన ఆడపిల్లల్ని చేతులు మార్చి, దత్తత పేరిట ఎక్కడెక్కడికో పంపుతున్నారన్న వార్తలు అవి. ఒకనాడు లంబాడీల్లో పిల్లనిచ్చేవాడికే ఎదురు ధనమిచ్చే ఆచారం. తర్వాత మనందరిలాగే వాళ్ళకూ వరకట్నం వచ్చింది. రెండెకరాల చెలక, మూడో ఆడపిల్ల, వరసగా కరువు. ఆటోలో ఒక మనిషి వచ్చి, "పెంచుకుంటారు, చదివిస్తారు" అంటాడు. పాలావిడ అప్పుడు పాతికేళ్ళది. పదిహేను రోజుల బిడ్డను ఇచ్చింది. ఎంత చేతిలో పెట్టారో ఆవిడా చెప్పలేదు, మా అత్తగారూ అడగలేదు. ఆ బిడ్డ ఏ ఊళ్ళో ఉన్నదో, అసలు ఉన్నదో లేదో, ఇప్పటిదాకా ఆచూకీ లేదు.

"ఇరవై ఏండ్లకెక్కువాయె పాలు పోయబట్టి. ఒక్కపారే చెప్పింది. మల్ల ఎన్నడు ఎత్తలే" అన్నారు. పైనుంచి పిల్లలు పిలుస్తున్నారు. మా అత్తగారు లేచి, మోకాలు పట్టుకుని, దిగడం మొదలుపెట్టారు.

లంబాడీలు కాముణ్ణి రాత్రి కాల్చరు, తెల్లవారుజామున కాలుస్తారు. అంచేత మేం ఊళ్ళో మంట రాత్రి చూసి, చీకటితోనే లేచి తండాకు వెళ్ళాం. చలి ఇంకా పూర్తిగా పోలేదు. మంట చుట్టూ డప్పు, లెంగి పాటలు. ముసలివాళ్ళు కొందరే అద్దాల పేటియా, కాంచళి కట్టారు. పడుచువాళ్ళు చీరల్లోను పంజాబీ దుస్తుల్లోను ఉన్నారు. కుర్రవాళ్ళ చొక్కాలమీద హైదరాబాదు కంపెనీల పేర్లు. తండా ఇప్పుడు పంచాయతీ. 2018 చట్టంతో ఇల్లాంటి తండాలు ఎన్నో పంచాయతీలయ్యాయి. అయినా ఆచారం విషయంలో మాట నాయక్‌దే.

మేం వెళ్ళేసరికి ఆ మాటే నడుస్తోంది. నాయక్ పెద్దమనిషి, తలపాగా, మెత్తని గొంతు. ఆడపిల్లకు డూండ్ చేస్తే తప్పని ఆయన అనడం లేదు. ఇంతవరకు లేదంటున్నాడు. రేపు ఇంకొకరు ఇంకోటి అడిగితే ఏం చెప్పాలంటున్నాడు. ఆయన ఇబ్బంది ఆయనది. పాలావిడ మాకోసమని కాబోలు, తెలుగులోకి తిరిగింది.

"మొగపిల్లగానికే చెయ్యాలె, ఆడపిల్లకు చెయ్యొద్దని ఏడ రాసున్నదో తెచ్చి చూపమను. మా మాటకు రాతే లేకపాయె, ఇగ ఏడ రాసుంటది?"

నిజమే; వాళ్ళ భాషకు సొంతలిపి లేదు. గుంపులో నవ్వు వచ్చింది. నాయక్ నవ్వలేదు గాని, తలపాగా సర్దుకున్నాడు. అప్పుడు ఆవిడ ఇంకో మాట అన్నది, వాళ్ళ భాషలో, చిన్నగా. నాకు అర్థంకాలేదు. అక్కడున్న ఆడవాళ్ళు అందరూ ఒక్కసారి ఊరుకున్నారు. నాయక్ నేలచూపులు చూసి, కొంచెంసేపటికి కర్ర తీసుకుని కుర్రవాళ్ళను రమ్మని చెయ్యి ఊపాడు. ఆవిడ ఏమన్నదని నేను తర్వాత మా అత్తగారిని అడిగాను. ఆవిడకు లంబాడీ మాట కొంత తెలుసు. "మనకెందుకు" అన్నారు.

డూండ్ జరిగింది. వాకిట్లో కోడలు బిడ్డను ఒడిలో పెట్టుకు కూర్చున్నది. పైన ఒక బట్ట పందిరిలా పట్టారు. కుర్రవాళ్ళు చుట్టూ నిలబడి కర్రలు తాళం వేస్తూ దీవెన పాడారు. మొదట గొంతులు సరిగా కలవలేదు. ఆ పాటలో మగపిల్లవాడన్న మాట వచ్చినచోటల్లా ఏం పాడాలో వాళ్ళకు తెలియలేదని మా బావమరిది నా చెవిలో చెప్పాడు. వాళ్ళలో ఇద్దరు వాడి పాత శిష్యులు. మూడో చుట్టుకు ఎవరో ఒకడు మాట మార్చి అందుకున్నాడు, మిగతావాళ్ళు వెంట పడ్డారు. ఈ గొడవకంతటికీ కారణమైన తొమ్మిది నెలల పిల్ల మా అమ్మాయి మెడలోని చక్కెర పేరు పట్టుకుని వదలలేదు. చివరికి దండ విప్పి ఇచ్చేయవలసివచ్చింది.

ఆపైన వినోదం. వంటకాల గిన్నెలు ఒక గుంజకు కట్టి, ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని కాపలా నిలబడ్డారు. వీళ్ళు గేరణిలు. మగవాళ్ళు గేర్యాలు, వాళ్ళు గిన్నెలు ఎత్తుకుపోవాలి. ఆడవాళ్ళు కొడతారు. కొట్టినట్టు నటిస్తారనుకునేరు, నిజంగానే కొడతారు. ఏడాది పొడుగునా ఉన్న లెక్కలన్నీ ఆ పూట సర్దుకుంటాయని నాకు తోచింది. మా బావమరిది, పంతులు కనుక తనను వదిలేస్తారన్న ధైర్యంతో గుంజకేసి నడిచాడు. వాడి దగ్గర ఎక్కాలు అప్పజెప్పలేక ఎండలో నిలబడ్డ పిల్లలు ఇప్పుడు పెరిగి గేరణిలయ్యారు. నాలుగు దెబ్బలు లెక్కపెట్టాను. ఐదోది మా ఆవిడది. ఎప్పుడు కర్ర తీసుకున్నదో తెలియదు.

ఇంటికి వచ్చాక మోదుగరంగు. దాని వర్ణన అనవసరం. నా తెల్ల చొక్కా, పెట్టెలో ఉన్నది అదొక్కటే, ఇప్పుడు నారింజ చొక్కా.

హైదరాబాదు చేరిన పదిహేనురోజులకు ఉగాది వచ్చింది. పచ్చడికి వేపపువ్వు మా వీధిలోనే దొరికింది. ఆనాడు మా అత్తగారు ఫోను చేసి, భక్ష్యాలు ఎన్ని చేశారో, బావమరిది వీపు ఎల్లా ఉందో చెప్పి, మాట మధ్యలో, తండాలో ఇంకో ఇద్దరు కోడళ్ళు వచ్చే కాముని పున్నమకు తమ ఆడపిల్లల పేర్లు నాయక్‌కు ఇప్పుడే చెప్పి పెట్టారన్నారు. నాయక్ ఏమన్నాడు అంటే, "ఏమంటడు? ఏడాదున్నది గదా, చూద్దామన్నడట" అన్నారు. తర్వాత ఫోను మా అమ్మాయి లాక్కుని, చక్కెర పేరు తనకు ఒకటి బాకీ ఉందని అమ్మమ్మకు గుర్తు చేసింది.